ఆలుగడ్డకు చలి కావాలి: మిద్దె తోటలో కుఫ్రి సూర్య పండించడం ఎలా?

మొదటిసారి ఆలుగడ్డ వేసినప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పి మొదలుపెడతాను. వంటింటి బుట్టలో మొలకలెత్తిన గడ్డలు నాలుగు కనిపించాయి. పారేయడం దేనికని సెప్టెంబర్ రెండో వారంలో మూడు గ్రో బ్యాగుల్లో పెట్టాను. మొక్కలు చూడాలి, నడుమెత్తు లేచాయి! పక్కింటివాళ్లు మెట్లెక్కి వచ్చి మరీ చూసిపోయారు. డిసెంబర్‌లో బ్యాగు బోర్లించి చూస్తే గోలీలు. మూడు బ్యాగులకూ కలిపి పదిహేడు గోలీలు, అందులో నాలుగు పచ్చబడినవి.

జహీరాబాద్ దగ్గర ఆలుగడ్డ వేసే మా చిన్నాయనకు ఫోన్ చేసి మొరపెట్టుకున్నాను. "ఎప్పుడు పెట్టినవ్ బిడ్డా?" అన్నాడు. చెప్పాను. నవ్వాడు. "దీపావళి పోకముందే పెడితే అది గడ్డెందుకు ఏస్తది? ఆకే ఏస్తది."

ఈ పంట గుట్టంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆలుగడ్డ మొక్క పెరగడానికి ఎండ చాలు, గడ్డ కట్టడానికి మాత్రం చల్లటి రాత్రులు కావాలి. రాత్రి వేడి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే మొక్క పగలంతా ఆకుల్లో చేసుకున్న పిండిని కిందికి పంపి గడ్డలో దాచుకుంటుంది. రాత్రులు వెచ్చగా ఉంటే ఆ తిండిని కాండానికీ ఆకుకే ఖర్చుపెట్టేస్తుంది. నా సెప్టెంబర్ మొక్కలు నడుమెత్తు లేచింది అందుకే. మన దగ్గర అలాంటి చలి రాత్రులు ఏడాదికి మహా అయితే మూడు నెలలు. ఆ మూడు నెలల్లోకి పంటను ఇరికించగలిగితే మిగతా పనంతా తేలికే.

ముందు రకం సంగతి

నేను వేసేది కుఫ్రి సూర్య. కుఫ్రి అనేది సిమ్లా దగ్గర ఒక ఊరు. కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకు మారింది. అక్కడి నుంచి వచ్చిన రకాలకు దాదాపు అన్నిటికీ ముందు కుఫ్రి అనే ఇంటిపేరు ఉంటుంది. కుఫ్రి జ్యోతి, కుఫ్రి చంద్రముఖి 1968 నాటివి, కుఫ్రి పుఖ్‌రాజ్ 1998లో వచ్చింది, కుఫ్రి సూర్య 2006లో. సూర్య ప్రత్యేకత పేరులోనే ఉంది, మిగతావాటికంటే వేడిని ఓర్చుకుంటుంది. మామూలు రకాలు రాత్రి 20 డిగ్రీలు దాటగానే గడ్డ కట్టడం తగ్గిస్తే, ఇది ఇంకాస్త వెచ్చదనంలోనూ పని ఆపదు. దక్కన్ పీఠభూమి కోసం తెచ్చిన కుఫ్రి లవ్‌కర్ దీనికి తల్లి వరస. గడ్డ కోలగా, తెల్లటి మీగడ రంగులో ఉంటుంది, కళ్లు లోతుగా ఉండవు కాబట్టి చెక్కు తీయడం సులువు. లోపల లేత పసుపు. 75 నుంచి 90 రోజుల్లో చేతికొస్తుంది.

దీనికో బలహీనత కూడా ఉంది. మబ్బు పట్టిన చలికాలంలో వచ్చే ఆకుమాడు తెగులును తట్టుకోలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

సూర్య దొరక్కపోతే దిగులు పడకండి. పుఖ్‌రాజ్, జ్యోతి ఇంకా తేలిగ్గా దొరుకుతాయి, హైదరాబాద్, సంగారెడ్డి, మెదక్ చలికి అవీ బాగానే పండుతాయి. సూర్య కోసం పట్టుబట్టాల్సింది చలి తక్కువగా ఉండే విజయవాడ, రాజమండ్రి, ఖమ్మం వైపు వాళ్లు. పలమనేరు, వి.కోట, కుప్పం వైపు ఉర్లగడ్డ ఎలాగూ మామూలు పంటే. ఎత్తు ప్రాంతం, చల్లటి గాలి, వాళ్లకు నేను చెప్పేదేం లేదు.

విత్తన గడ్డ ఎక్కడ తెచ్చుకోవాలి

కూరగాయల దుకాణం గడ్డ వద్దంటాను. అది ఏ రకమో అమ్మేవాడికే తెలియదు. కోల్డ్ స్టోరేజీలో మొలక రాకుండా మందు పట్టించిన సరుకు కావచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, గడ్డలో వైరస్ ఉందో లేదో పైకి చూస్తే కనపడదు. ఆకు ముడుచుకుని మొక్క గిడసబారాక గానీ బయటపడదు, అప్పటికి నెలన్నర పోయినట్టే.

అక్టోబర్‌లో జహీరాబాద్ ప్రాంతానికి ఆగ్రా వైపు నుంచి విత్తన గడ్డ లారీల్లో వస్తుంది. రైతులు బస్తాల లెక్కన కొంటారు. తెలిసినవాళ్లుంటే అందులోంచి రెండు కిలోలు అడిగి తెచ్చుకోండి. మనకు కావాల్సింది అంతే. ఎవరూ తెలియకపోతే దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో, ఉద్యాన శాఖ కార్యాలయంలోనో అడిగితే ఎవరి దగ్గర దొరుకుతుందో చెప్తారు. మిద్దె తోటల వాట్సాప్ గ్రూపుల్లో నలుగురైదుగురు కలిసి ఒక బస్తా తెప్పించుకుని పంచుకోవడం కూడా చూశాను. అది మంచి పద్ధతి.

ఎంచుకునేటప్పుడు కోడిగుడ్డంత గడ్డలు ఏరుకోండి, ఒక్కోటి 40, 50 గ్రాములు. పెద్ద గడ్డలు తెచ్చి ముక్కలు కోయడం పొలంలో ఖర్చు తగ్గించుకోవడానికి చేసే పని. అక్టోబర్ చివర్లో మన మట్టి ఇంకా వెచ్చగానే ఉంటుంది, కోసిన ముక్క ఇట్టే కుళ్లుతుంది. తప్పనిసరై కోయాల్సి వస్తే ప్రతి ముక్కకూ రెండు మూడు కళ్లు ఉండేలా, 40 గ్రాములకు తగ్గకుండా కోసి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టండి. కోసినచోట పొర కట్టాలి. కత్తిని గడ్డ గడ్డకూ తుడవండి, ఒక్క కుళ్లిన గడ్డను కోసిన కత్తి మిగతావాటన్నిటికీ తెగులు అంటిస్తుంది.

మొలక కట్టించడం

కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన గడ్డ ఇంకా నిద్రలోనే ఉంటుంది. తెచ్చిన రోజే మట్టిలో పెడితే లేవడానికి బద్ధకిస్తుంది, ఈలోగా కుళ్లు పడుతుంది. కోడిగుడ్ల అట్ట ట్రేలు రెండు తీసుకుని, కళ్లు ఎక్కువున్న వైపు పైకి వచ్చేలా గడ్డల్ని నిలబెట్టండి. నేరుగా ఎండ పడని, వెలుతురున్న చోట పెట్టండి. మా ఇంట్లో అయితే బాల్కనీలో బట్టలారేసే తీగ కింద. పది, పదిహేను రోజుల్లో కళ్ల దగ్గర పొట్టిగా, గట్టిగా, కొంచెం రంగు తిరిగిన మొలకలు వస్తాయి. సెంటీమీటరు పొడవుంటే చాలు.

చీకట్లో పెట్టారా, తెల్లగా సేమ్యాల్లా సాగుతాయి. పట్టుకుంటే విరుగుతాయి. అలాంటివి పనికిరావు, విరిచేసి గడ్డను వెలుతురులో పెట్టి మళ్లీ మొలకెత్తనివ్వండి. ట్రేలో ఏదైనా మెత్తబడినా, వాసన వచ్చినా వెంటనే తీసేయండి. వాసన అంటే ఎలా ఉంటుందని అడక్కండి, ఒకసారి చూస్తే జన్మలో మర్చిపోరు.

ఎప్పుడు నాటాలి

హైదరాబాద్‌లో నా లెక్క అక్టోబర్ చివరి వారం నుంచి నవంబర్ 15 లోపు. దీపావళి కొన్నేళ్లు ముందొస్తుంది కాబట్టి పండుగను పట్టుకుని పోకుండా రాత్రి ఉష్ణోగ్రత చూసుకోండి, వార్తల్లో రోజూ చెప్తారు. వరసగా నాలుగైదు రోజులు 20 డిగ్రీలకు దిగితే నాటేయొచ్చు. థర్మామీటర్ కంటే నమ్మకమైన గుర్తు ఇంకొకటుంది. తెల్లవారుజామున ఫ్యాన్ ఆపకుండానే కాళ్ల దగ్గరి దుప్పటి మెడ దాకా లాక్కున్నారంటే మరుసటి రోజు గడ్డ నాటొచ్చు.

కోస్తా వాళ్లు నవంబర్ 20 దాకా ఆగినా తప్పులేదు. కానీ డిసెంబర్ దాటితే నాటొద్దు. అప్పుడు నాటిన మొక్కకు గడ్డ ఊరే సమయం ఫిబ్రవరి చివరికి వస్తుంది, అప్పటికి మన దగ్గర ఎండాకాలం గుమ్మంలో ఉంటుంది.

బ్యాగు, మట్టి

15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తున్న బ్యాగుకు రెండు గడ్డలు. ముగ్గురిని పడుకోబెట్టే మంచం కాదది, ఆశపడకండి. మూడోది పెడితే గడ్డల సంఖ్య పెరుగుతుంది, సైజు పడిపోతుంది. తడి మట్టితో ఒక్కో బ్యాగు 35, 40 కిలోలు తూగుతుంది కాబట్టి స్లాబు మధ్యలో గుంపుగా పెట్టకుండా పిట్టగోడ వెంబడి వరసగా పెట్టండి. కింద రెండేసి ఇటుకలు ఉండాలి. నీళ్లు కారిపోవడానికీ, మిద్దె కాక నేరుగా మట్టికి ఎక్కకుండానూ. నల్ల బ్యాగులు వేడెక్కుతాయి, దొరికితే తెల్లవి కొనండి. నల్లవే ఉంటే పడమటి వైపు పాత గోనెసంచి చుట్టండి.

మట్టి గుల్లగా ఉండాలి. నేను కలిపే పాళ్లు ఇవీ: ఎర్రమట్టి రెండు వంతులు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్ ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక వంతు. బ్యాగుకు రెండు గుప్పెళ్ల వేపపిండి. రేగడి మట్టి వాడొద్దు, ఆరితే బిగిసి గడ్డను వంకరలు తిప్పుతుంది. నేలలో వేసేవాళ్లు బోదెలు తోలి, బోదెకూ బోదెకూ రెండడుగులు, గడ్డకూ గడ్డకూ ఎనిమిది అంగుళాలు వదలండి.

ఎరువు విషయంలో రెండు తప్పులు అందరూ చేస్తారు. ఒకటి, పచ్చి పేడ. రెండు, పొయ్యి బూడిద. బూడిదలో పొటాష్ ఉంటుంది, గడ్డలకు మంచిదని విని మా ఇంట్లో ఒకసారి బ్యాగుకు రెండు డబ్బాల చొప్పున పోశాం. గడ్డలు బాగానే ఊరాయి గానీ పైన తోలంతా గజ్జి పట్టినట్టు గరుకు మచ్చలు. బూడిద, సున్నం మట్టి పులుపును తగ్గిస్తాయి, గజ్జి తెగులు చేసే సూక్ష్మజీవికి కావాల్సింది అదే. తోలు తీసేస్తే తినొచ్చు, కానీ చూడబుద్ధి కాదు. బూడిద వేయాలనిపిస్తే బ్యాగుకు ఒక పిడికెడు, అంతే.

గత ఏడాది టమాట, వంకాయ, మిర్చి ఉన్న మట్టిని ఆలుకు వాడొద్దు. ఇవన్నీ ఒక కుటుంబమే, ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుతుంది. చిక్కుడు, గోరుచిక్కుడు, ఆకుకూరలు తీసేసిన బ్యాగులైతే బాగుంటుంది.

నాటే రోజు

బ్యాగు అంచును బయటికి కాస్త మడిచి దించండి. ఏడంగుళాల దాకా మట్టి నింపండి. మట్టి పదునులో ఉండాలి, అంటే పిడికిట పట్టి నొక్కితే ముద్దవ్వాలి, వేలితో తడితే విరగాలి, చేతికి నీళ్లంటకూడదు. మొలకలు పైకి చూసేలా రెండు గడ్డల్నీ ఎడంగా పెట్టి, పైన నాలుగు అంగుళాల మట్టి కప్పండి. మిగిలిన ఖాళీ అలాగే ఉంచండి, అది తర్వాత మట్టి ఎగదోయడానికి.

ఒకసారి తేలిగ్గా నీళ్లు చల్లి వదిలేయండి. మొలక పైకి కనపడేదాకా, అంటే రెండు వారాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ, నీళ్ల డబ్బా దూరంగా పెట్టండి. విత్తన గడ్డలో దానికి కావాల్సిన తిండీ తేమా ఉన్నాయి. ఈ దశలో గడ్డ చచ్చేది దాహంతో కాదు, మన ప్రేమతో. పైన రెండంగుళాలు బాగా ఆరిపోతేనే ఒక గ్లాసు పోయండి.

పన్నెండో రోజుకు ఏమీ రాలేదని తవ్వి చూడొద్దు. నేను తవ్వాను. మొలక విరిగింది.

మట్టి ఎగదోయడం, దాని చుట్టూ ఉన్న భ్రమలు

మొక్కలు ఆరేడు అంగుళాలు పెరిగాక, నాటిన 25, 30 రోజుల మధ్య, పైన సగం ఆకులు కనపడేలా కాండం చుట్టూ మట్టి వేయండి. బ్యాగు మడతను అంతమేర పైకి విప్పండి. పది, పదిహేను రోజుల తర్వాత ఇంకోసారి. ఇది ఎందుకో అర్థం కావాలంటే ఒక్కసారి లోపల ఏం జరుగుతుందో చూడాలి.

నలభయ్యో రోజు దాటాక ఒక ఉదయం, బ్యాగు అంచున వేలు పెట్టి మట్టి మెల్లిగా పక్కకు తీశాను. కాండం మొదట్లోంచి దారంలాంటి తెల్లటి తీగ ఒకటి అడ్డంగా పాకుతోంది. దాని కొస కొక్కెంలా వంగి, ఆ వంపు దగ్గర జొన్నగింజంత ఉబ్బు. అదే గడ్డ. ఆలుగడ్డ వేరు కాదు, నేలలో దాక్కున్న కాండం. దాని కళ్లన్నీ మొగ్గలే. కాండం కాబట్టే వెలుతురు తగిలితే మళ్లీ ఆకుపచ్చగా మారిపోతుంది. ఆ పాకే తీగకు చీకటి దొరక్కపోతే గడ్డ కావడం మానేసి పైకి లేచి కొమ్మయిపోతుంది. మట్టి ఎగదోసేది వాటికి చీకటి ఇవ్వడానికి. చూసింది చాలనుకుని మట్టి కప్పేయండి, ఆ తీగలు తెగితే మళ్లీ రావు.

పెద్ద డ్రమ్ముల్లో నిలువునా మట్టి పోస్తూ పోతే అంతస్తులు అంతస్తులుగా గడ్డలొస్తాయని చూపించే వీడియోలు బోలెడున్నాయి. మనం వేసే తక్కువ రోజుల రకాల్లో అది జరగదు. గడ్డ పుట్టే తీగలు విత్తన గడ్డకు కాస్త పైన, కాండం అడుగున ఉండే కణుపుల నుంచే వస్తాయి, అదీ కొద్ది రోజుల్లోనే. ఆ తర్వాత ఎంత మట్టి పోసినా పైన ఉత్త కాండమే. నేనూ ఒక డ్రమ్ము కొని చూశాను. ఇప్పుడది వాననీళ్లు పట్టుకోవడానికి పనికొస్తోంది.

నీళ్లు

చిన్నాయన మాట చెప్తాను. "ఆలుగడ్డకు నీళ్లు తాపుడు గాదు, తడి సూపియ్యాలె." వేలు రెండంగుళాలు దింపి చూడండి, చల్లగా తగిలితే ఆ రోజు మానేయండి. పొడిగా ఉంటే అడుగు రంధ్రాల్లోంచి చుక్కలు రావడం మొదలయ్యేదాకా పోయండి. డిసెంబర్‌లో నాకు రెండు రోజులకోసారి సరిపోతుంది, జనవరి చివర్లో రోజూ. కోకోపీట్ పైన ఎండినట్టు కనపడి లోపల తడిగానే ఉంటుంది, కంటిని నమ్మొద్దు, వేలిని నమ్మండి.

30 నుంచి 65 రోజుల మధ్య మాత్రం ఎండగట్టొద్దు. గడ్డ పుట్టేది, ఊరేది అప్పుడే. నాలుగు రోజులు ఎండబెట్టి ఐదో రోజు ముంచెత్తితే గడ్డ పగుళ్లిస్తుంది, లేదంటే అల్లంకొమ్ములా బుడిపెలు తేలుతుంది. గజ్జి తెగులు కూడా గడ్డ పుట్టే రోజుల్లో మట్టి ఎండితేనే ఎక్కువ. ఊరికి వెళ్లాల్సొస్తే, పక్కవాళ్లకు తాళం ఇచ్చి వెళ్లండి. నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో, పొద్దున పూట పోయండి.

మొక్కకు ఆరు గంటల ఎండ కావాలి. మొదటిసారి మట్టి ఎగదోసేటప్పుడు ఒక గుప్పెడు వర్మీకంపోస్ట్ కలపండి. ఆ తర్వాత యూరియా, పంచగవ్య, పేడ నీళ్లు అంటూ వరసపెట్టి పోయొద్దు. నత్రజని ఎక్కువైతే మళ్లీ నా సెప్టెంబర్ కథే, పైన అడవి, కింద గోలీలు.

చీడపీడలు

పేనుబంక: ఆకు వెనక గుంపులుగా ఉంటుంది. రసం పీల్చడం కంటే అది మోసుకొచ్చే వైరస్‌తోనే నష్టం. మన మైదానాల్లో రైతు ఏటా కొత్త విత్తనం కొనాల్సి రావడానికి ఒక పెద్ద కారణం ఈ చిన్న పురుగే. వారానికి రెండుసార్లు ఆకు తిప్పి చూడండి. కనపడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా కొట్టండి. ఆకులు పైకి ముడుచుకుని బిరుసెక్కిన మొక్క, పసుపు మచ్చలు మొజాయిక్‌లా పడ్డ మొక్క కనపడితే జాలిపడకుండా గడ్డతో సహా పీకి చెత్తలో వేయండి.

ఆకుమాడు తెగులు: సూర్యకు ఉన్న భయం ఇదే. 1845లో ఐర్లాండ్‌లో పొలాలు కుళ్లి కరువు తెచ్చిన తెగులు కూడా ఇదే. మామూలుగా మన చలికాలం పొడిగా ఉంటుంది కాబట్టి దీని జోలి ఉండదు. కానీ నవంబర్, డిసెంబర్‌లలో బంగాళాఖాతంలో తుఫాను పుడితే హైదరాబాద్‌లో కూడా మూడు నాలుగు రోజులు మబ్బు, ముసురు. అప్పుడు జాగ్రత్త. ఆకు అంచున నీళ్లలో నానినట్టు మచ్చ వచ్చి, నల్లబడి, పొద్దున్నే ఆకు తిప్పి చూస్తే మచ్చ చుట్టూ తెల్లటి నూగు కనపడుతుంది. ఆ ఆకులు వెంటనే తుంచి దూరంగా పారేయండి, కంపోస్ట్‌లో వేయొద్దు. బ్యాగుల మధ్య గాలి ఆడేలా జరపండి. తుఫాను వస్తోందని వార్త వినగానే, మచ్చ రాకముందే, మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరు నీటికి రెండున్నర గ్రాములు కొట్టడం రైతుల పద్ధతి. మందులు వద్దనుకునేవాళ్లు ముసురు రోజుల్లో పైన ప్లాస్టిక్ పట్టా కట్టి ఆకు తడవకుండా చూసుకోండి. ముదిరాక ఏదీ పనిచేయదు.

మిగతావి చిన్నవి. పొగాకు లద్దె పురుగును రాత్రి టార్చిలైటు వేసి ఏరేయొచ్చు. నేల తోటలో పందికొక్కులుంటే బోదె కిందినుంచి వచ్చి గడ్డ మాత్రమే తీసుకుపోతాయి, మొక్క నిలబడే ఉంటుంది, రెండు రోజులయ్యాక గానీ మనకు తెలియదు. ఊరి చివర ఉండేవాళ్లకు కోతుల సంగతి నేను చెప్పక్కర్లేదు, వల తప్ప మందు లేదు.

పూలు వచ్చినా రాకపోయినా కంగారు లేదు, పూతకూ గడ్డ సైజుకూ లంకె లేదు. పూత తర్వాత చిన్న పచ్చి టమాటల్లాంటి కాయలు కాస్తే తుంచేయండి. అవి విషం. ఆకు, కాండం కూడా తినకూడదు, ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందే చెప్పి పెట్టండి.

తవ్వడం

75, 80 రోజులకు కింది ఆకులు పసుపు తిరిగి, మొక్క పక్కకు వాలుతుంది. తవ్వే ముందు పది రోజులు నీళ్లు ఆపేయండి. ఆపిన రెండు మూడు రోజులకు కాడల్ని నేల మట్టానికి కోసేయండి. గడ్డల్ని మాత్రం మట్టిలోనే ఉంచండి. ఈ పది రోజుల్లో తోలు గట్టిపడుతుంది. బొటనవేలితో రుద్దితే తోలు ఊడొస్తోందా, ఇంకా ఆగాలి. ఊడలేదా, తవ్వొచ్చు. ఇది చేయకుండా తవ్వితే నిల్వ ఉండదు. అయితే ఒక బ్యాగు మాత్రం ఆగకుండా ముందే తవ్వేయండి. ఆ పల్చటి తోలు గడ్డల్ని చెక్కు తీయకుండా పోపులో వేసి, మూత పెట్టి మగ్గించి, పైన కాస్త వెల్లుల్లి కారం చల్లితే ఎలా ఉంటుందో కొనుక్కున్న గడ్డకు ఎప్పటికీ తెలియదు.

బ్యాగును పట్టా మీద బోర్లించి చేత్తో ఏరండి. పార వాడితే పెద్ద గడ్డకే దెబ్బ తగులుతుంది, అదేం శాపమో. నాకు కిందటి చలికాలంలో పన్నెండు బ్యాగులకు తొమ్మిది కిలోల మీద వచ్చాయి, అంటే పెట్టిన విత్తనానికి ఏడు రెట్లు దాటి. మొదటి ఏడాది మీకు నాలుగైదు రెట్లు వచ్చినా మంచి పంటే అనుకోండి.

గడ్డల్ని కడగొద్దు. నీడలో రెండు రోజులు ఆరబెట్టి మట్టి దులపండి. ఎండలో ఆరబెడితే పచ్చబడతాయి. "పచ్చవడ్డ గడ్డ బర్రెక్కూడ పెట్టొద్దు" అంటాడు చిన్నాయన. ఆ పచ్చదనం విషం కాదు గానీ, వెలుతురు తగిలినచోట దానితోపాటే సోలనిన్ అనే చేదు విషమూ పెరుగుతుంది, ఉడికించినా పోదు. కొద్దిగా ఉంటే ఆ భాగం మందంగా కోసి పారేయండి, ఎక్కువుంటే మొత్తం పారేయండి.

గోనెసంచిలోనో వెదురుబుట్టలోనో, చీకటిగా గాలి ఆడే మూల పెట్టండి. మీద కాసిన్ని ఎండు వేపాకులు పరిస్తే దుంప తొలిచే పురుగు తక్కువ వస్తుంది. ఉల్లిగడ్డ పక్కన వద్దు. ఫ్రిజ్‌లో కూడా వద్దు, బాగా చల్లబడితే గడ్డలోని పిండి చక్కెరగా మారి కూర తియ్యగా ఉంటుంది, వేపుడు చేస్తే నల్లగా మాడిపోతుంది. మన ఎండలకు ఇంట్లో ఆరు, ఏడు వారాలకు మించి ఆగవు, తిని పూర్తిచేయడమే.

విత్తనానికి దాచొచ్చా అని అందరూ అడుగుతారు. ఫిబ్రవరి నుంచి అక్టోబర్ దాకా మన ఇళ్ల వేడికి గడ్డ ముడతలు పడి మొలకలతో కరిగిపోతుంది. కాగితపు సంచిలో పెట్టి ఫ్రిజ్ కూరల అరలో దాస్తే బతికుంటుంది, కానీ లోపల వైరస్ ఉంటే అదీ భద్రంగానే ఉంటుంది. రెండేళ్లు దాచి వేశాను, రెండో ఏడాదికి దిగుబడి సగానికి పడింది. ఇప్పుడు ఏటా కొత్తదే తెస్తున్నాను.

ఖాళీ అయిన మట్టిలో తోటకూర, గోంగూర చల్లేయండి. తొలకరి పడ్డాక ఆ బ్యాగుల్లో ఏదో ఒక మూల, మనం ఏరకుండా వదిలేసిన గోలీ ఒకటి మొలకెత్తి ఆకులు చూపిస్తుంది. ముచ్చటేస్తుంది. పీకేయండి. జూన్ వేడిలో అది గడ్డ వేయదు, పేనుబంకకూ వైరస్‌కూ అక్టోబర్ దాకా ఇల్లు మాత్రం అవుతుంది.